క్రూసేడులను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. క్రూసేడులను ఒక పుస్తకంలో మతయుద్ధాలు అన్నారు, ఇంకోదాంట్లో ధర్మయుద్ధాలు అన్నారు, మూడోదాంట్లో శిలువ యుద్ధాలు అని ఉంది. ఏది సరైనది? శిలువా, సిలువా? ‘నైట్’ అనే యోధుడికి తెలుగు మాట ఉందా?

సమాధానం: సిలువ యుద్ధాలు అనమనండి. ఆ పోరాటాలకు పేరు తెచ్చిందే సిలువ గుర్తు.

1095 నవంబరులో ఫ్రాన్సులోని క్లెర్మాంట్‌లో జెరూసలేంను ముస్లింల చేతుల్లోంచి విడిపించండని పోప్ రెండో అర్బన్ ఐరోపా క్రైస్తవులకు పిలుపిచ్చాక బయల్దేరినవాళ్లు తమది తీర్థయాత్ర అనే అనుకున్నారు. అప్పటి లాటిన్ రాతల్లో కనిపించేవి ‘యాత్ర’, ‘ప్రయాణం’ అనే అర్థాలున్న మాటలే. గుడ్డతో సిలువ కత్తిరించి బట్టలకు, ఎక్కువగా కుడి భుజం మీద, కుట్టుకునేవారు. ఇటలీలోని అమాల్ఫీ పట్టణాన్ని ముట్టడిస్తున్న బోహెమండ్ అనే నార్మన్ నాయకుడు ఈ సంగతి విని, తన దగ్గరున్న అతి ఖరీదైన అంగీనే ముక్కలుగా కోయించి సిలువలు చేయించాడట. ‘సిలువ తీసుకున్నాడు’ అంటే మొక్కు పట్టాడని అందరికీ తెలిసేది. ‘మాల వేసుకున్నాడు’ అనగానే దీక్షలో ఉన్నాడని మనకు తెలిసిపోదూ, మాట వరకు అలాగే.

ధర్మయుద్ధం అన్న మాట మాత్రం ఇక్కడ వాడొద్దు. అది మన దగ్గర మతం కోసం చేసే యుద్ధం కాదు, నియమం తప్పకుండా చేసే యుద్ధం. ఆయుధం లేనివాణ్ని, వెన్ను చూపినవాణ్ని, శరణన్నవాణ్ని కొట్టకూడదు. భీముడు గదతో దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టినప్పుడు బలరాముడు మండిపడ్డది ఇందుకే. 1099 జులై 15న జెరూసలేం పట్టుబడినప్పుడు ఊళ్లోని ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. దానికి మన ధర్మయుద్ధం పేరు పెడితే చరిత్రకూ అన్యాయమే, మాటకూ అన్యాయమే.

మతయుద్ధాలు అనడం తప్పని అనను, కానీ అది చాలదు. ఆ మాట వినగానే రెండు మతాల మధ్య పోరు అనుకుంటాం. నాలుగో క్రూసేడులో, 1204లో, వీళ్లు కొల్లగొట్టిన కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవుల నగరమే. (మన గోడల మీద కనిపించే ‘క్రూసేడ్’ పోస్టర్లు సువార్త సభలవి, అది వేరే వాడుక.)

ఇక అక్షరం సంగతి. సిలువ సంస్కృతం మాట కాదు. కేరళ క్రైస్తవుల సంప్రదాయ పూజాభాష అయిన సిరియాక్‌లోని ‘స్లీబా’కు చుట్టం, తమిళంలో ‘సిలువై’. తెలుగు బైబిల్లోనూ సిలువే. పెద్దరికం కోసం శకారం తగిలించారు గానీ అవసరం లేదు. నాకు ఎప్పుడూ ముచ్చటేసే సంగతి, అరబ్బీలో సిలువను ‘సలీబ్’ అంటారు. ఇదీ ఆ కుటుంబం మాటే. ఈ యుద్ధాలను ఉర్దూలో ‘సలీబీ జంగే’ అంటారు కాబట్టి, మన ‘సిలువ యుద్ధాలు’ మాటకు మాట దానికి జోడీ. అయితే ఆ కాలపు అరబ్బులు వీళ్లను ‘ఫ్రంజ్’ అన్నారు, అంటే ఫ్రాంకులు. ఆ పేరే పారశీకం మీదుగా ‘ఫిరంగీ’గా మారుతూ మన దాకా వచ్చింది. మన ఫిరంగి, పరంగివాళ్లు, పరంగిచెక్క అన్నీ అందులోంచి పుట్టినవే.

‘నైట్’ను తెలుగులో అలాగే రాస్తే రాత్రి అనుకుంటారు. నేనైతే రౌతు అంటాను. ఫ్రెంచివాళ్ల ‘షెవాలియే’, జర్మన్ల ‘రిట్టర్’ రెండింటికీ అసలు అర్థం గుర్రపు స్వారీ చేసేవాడనే. పైగా రౌతు ‘రాజపుత్ర’ నుంచి వచ్చిన మాట కాబట్టి అందులో హోదా కూడా ఉంది. ‘రౌతు కొద్దీ గుర్రం’ అనే సామెతలో తప్ప వాడకుండా ఇంత మంచి మాటను మూలన పడేశాం. తెల్ల అంగీ మీద ఎర్ర సిలువతో, పెళ్లీ సొంత ఆస్తీ వదులుకుని, పెద్ద చెప్పిన మాట జవదాటమని ఒట్టు పెట్టుకుని కత్తి పట్టిన టెంప్లర్లు అనే క్రూసేడు యోధులను ‘సన్యాసి రౌతులు’ అని చెప్పి చూడండి, మీ అమ్మాయికి వెంటనే అర్థమవుతుంది.