సబ్సిడీ తీసేసినా నిలబడేలా గొర్రెల ఫారం

ప్రశ్న: బోరు కింద మూడెకరాలు ఉంది. జాతీయ పశుధన మిషన్‌లో 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ పెట్టాలనుకుంటున్నా. “డెన్మార్క్‌లో పశువుల మీద పన్ను వేస్తున్నారు, పట్నంలో మటన్ తినడం తగ్గింది, రేపు సబ్సిడీలూ ఎత్తేస్తారు” అని హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: డెన్మార్క్ మాట నిజమే. పశువులు వదిలే, భూమిని వేడెక్కించే వాయువులపై అక్కడ 2030 నుంచి పన్ను పడుతుంది. కానీ అది పందులను, పాడి పశువులను పెద్దఎత్తున పెంచి విదేశాలకు అమ్ముకునే దేశం. కోతలయ్యాక చేలల్లో మేసి, రాత్రి మంద కట్టించుకున్న రైతుకు ఎరువిచ్చే మన గొర్రెను ఆ లెక్కలో కట్టకండి.

ఇక తిండి. నేను చూసినంతలో మటన్ పూర్తిగా మానేసినవాళ్లు తక్కువ. ధరకు జంకి వారం వారం తెచ్చుకునేది నెలకోసారికి తగ్గించి, చికెన్‌కు మళ్లినవాళ్లే ఎక్కువ. డాక్టరు కొవ్వు తగ్గించమన్నవాళ్లూ ఉన్నారు. తక్కువ కొనేవాళ్లు లేత మాంసమే అడుగుతారు. కాబట్టి పొట్టేలు పిల్లలను ముదరనివ్వకుండా ఏడాదిలోపే అమ్మేయండి. బోనాలు, దసరా, బక్రీద్ గిరాకీ ఎలాగూ ఉంటుంది.

మీ అబ్బాయి భయంలో నేను ఒప్పుకునేది సబ్సిడీ సంగతే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్‌కు 75 శాతం ఇచ్చింది. మీరు అడిగే కేంద్ర పథకంలో 50 శాతమే, ఈ యూనిట్‌కు గరిష్ఠంగా 10 లక్షలు. అదీ రెండు విడతల్లో. రెండోది ఫారం పూర్తయి తనిఖీ జరిగాకే. ఈలోగా బ్యాంకు వడ్డీ మీ నెత్తినే పడుతుంది. అందుకే ప్రాజెక్టు రిపోర్టులో సబ్సిడీ గడి కొట్టేసి లెక్క మళ్లీ వేయండి. అప్పుడూ కిస్తీ కట్టగలిగితేనే దరఖాస్తు పెట్టండి.

కట్టి మేపితే పెద్ద గొర్రె రోజుకు నాలుగు కిలోల దాకా పచ్చిమేత తింటుంది. అంటే మందకు నాలుగు క్వింటాళ్లు. షెడ్డు కంటే ముందే రెండెకరాల్లో సూపర్ నేపియర్ గడ్డి, హెడ్జ్ లూసర్న్ మేత వేసి, వేసవిలో బోరు ఎంత పోస్తుందో చూడండి. అప్పటిదాకా పాతిక గొర్రెలతో పని అలవాటు చేసుకోండి.

అమ్మకంలోనే మన రైతు ఎక్కువ నష్టపోతున్నాడు, అదే నా బాధ. బేరగాడు నడుము మీద బొటనవేలు నొక్కి, “జత ఇంత” అంటాడు. వేలాడదీసే తక్కెడ ఒకటి కొనండి. 30 కిలోల పొట్టేలు కోస్తే దాదాపు 14 కిలోల మాంసం వస్తుంది. ఆ రోజు ఊళ్లో మటన్ ధరతో గుణించి, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

వానలకు ముందే చిటుకు రోగం టీకా వేయించండి, పి.పి.ఆర్. (పారుడు రోగం) టీకా మరవొద్దు. 2024 మార్పుల తర్వాత బీమా ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే, వంద గొర్రెల దాకా వర్తిస్తుంది. మంద దిగిన వారంలోనే చెవులకు గుర్తింపు పోగులు వేయించి బీమా చేయించండి.