గీత నిట్టనిలువుగా పడిందని తొందరపడొద్దు

అనంతపురం

చి. అమ్మణ్ణికి మామ ఆశీస్సులు.

నీ ఇనుము కాంప్లెక్స్ (ఇనుము చుట్టూ వేరే అణువులు అతుక్కున్న పదార్థం) స్ఫటికాల అయస్కాంత గుణం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. చల్లబరుస్తుంటే గీత నిట్టనిలువుగా పడింది, వేడి చేస్తే పడిన చోట లేవకుండా ఇంకో పదిహేను డిగ్రీలు పైకి పోయాక లేచింది. "స్ట్రక్చరల్ ఫేజ్ ట్రాన్సిషన్ దొరికింది మామా" అని రాశావు, అంటే స్ఫటికం నిర్మాణమే మారిందని. దొరికి ఉండొచ్చు. కానీ ఆ గీత ఆ మాట చెప్పడం లేదు. అది చెప్పేది ఇనుములోని ఎలక్ట్రాన్ల సంగతి, అంతే.

ఐరన్ టూలో, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుములో, డి ఆర్బిటాళ్లలో (ఎలక్ట్రాన్లు ఉండే గదుల్లాంటివి) ఆరు ఎలక్ట్రాన్లు. చలిలో ఆరూ జంటలు కట్టుకుంటాయి. అది లో స్పిన్, అయస్కాంత గుణం దాదాపు సున్నా. వేడెక్కితే నాలుగు విడిపోయి ఒంటరిగా ఉంటాయి. అది హై స్పిన్. ససెప్టిబిలిటీని (అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందనే కొలతను) ఉష్ణోగ్రతతో గుణిస్తే నీకు 3 నుంచి 3.5 దాకా వస్తోందే, అది ఈ నాలుగింటిదే. విడిపోయిన వాటిలో రెండు సరిగ్గా ఇనుము చుట్టూ అతుక్కున్న నైట్రోజన్ల వైపు చూసే ఆర్బిటాళ్లలోకి పోతాయి కాబట్టి బంధం 2.0 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 2.2 దాకా సాగుతుంది. పదిలో ఒక వంతు. స్ఫటికంలో అది చిన్న సంగతి కాదు.

పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకో. ఇరుగ్గా కూర్చున్న బంతిలో ఒకాయన మోకాళ్లు చాపి బాసింపట్టు వేస్తే పక్కాయన జరగాలి, ఆయన పక్కాయనా జరగాలి. హైడ్రోజన్ బంధాలతోనో, ఇనుములను కలిపే వంతెన లిగాండ్లతోనో (ఇనుముకు అతుక్కునే అణువులతోనో) గట్టిగా ముడిపడిన స్ఫటికంలో ఇదే జరుగుతుంది. అందుకే అన్నీ ఒక్కసారే మారతాయి, హిస్టెరిసిస్ (గీత పడే చోటు ఒకటి, లేచే చోటు ఇంకోటి కావడం) కూడా వస్తుంది. స్ఫటిక సౌష్ఠవం ఏమాత్రం మారకుండానే ఇదంతా జరగొచ్చు. ట్రయజోల్ అనే నైట్రోజన్ అణువు ఇనుములను గొలుసుగా కట్టిన కాంప్లెక్స్‌నే చూడు. ఊదా రంగు పొడి సుమారు 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెల్లబడుతుంది, మళ్లీ ఊదా కావాలంటే 72 దాకా దిగాలి. 90 దగ్గర ఏ రంగు అంటే, ఎటు నుంచి వచ్చిందో ఆ రంగే.

నువ్వు బాగా చదవాల్సింది ప్రొపైల్ టెట్రజోల్ అనే ఇంకో నైట్రోజన్ అణువుతో చేసిన ఇనుము కాంప్లెక్స్ గురించి. 1984లో జర్మనీలోని మైన్జ్‌లో గ్యూట్లిష్ బృందం అతి చలిలో పచ్చని కాంతి వేసి లో స్పిన్‌ను హై స్పిన్‌గా మార్చి, అక్కడే నిలిపింది దీన్నే. సుమారు 130 కెల్విన్ దగ్గర దీని స్పిన్ మారుతుంది. నెమ్మదిగా చల్లబరిస్తే స్ఫటికం నిర్మాణం కూడా మారుతుంది, ఏడెనిమిది డిగ్రీల హిస్టెరిసిస్ కనిపిస్తుంది. గబుక్కున చల్లబరిస్తే నిర్మాణం పాతదే ఉండిపోతుంది. స్పిన్ మాత్రం నిటారుగానే మారుతుంది, హిస్టెరిసిస్ మాయమవుతుంది. అంటే ఆ హిస్టెరిసిస్ నిర్మాణం మారడం వల్ల వచ్చింది. రెండు మార్పులనూ విడదీసి చూపింది చల్లబరిచే వేగమే!

కాబట్టి నువ్వూ వేగం మార్చి చూడు. నిమిషానికి 10 డిగ్రీలు, 2 డిగ్రీలు, 1 డిగ్రీ. ఒక్కో దానికి కనీసం మూడు సార్లు పైకీ కిందికీ. ఆ తర్వాత సింగిల్ క్రిస్టల్‌కు మార్పుకు పైనా కిందా, రెండు చోట్లా ఎక్స్‌రే తీయించు. బంధం పొడవు ఒక్కటే చూసి మురిసిపోవద్దు, స్పేస్ గ్రూప్ (స్ఫటిక సౌష్ఠవం ఏ రకమో చెప్పేది) మారిందా లేదా అది చూడు. అది చూసేదాకా స్ఫటికాలను నూరొద్దు. నూరిన పొడి వేరేలా ప్రవర్తిస్తుంది. మోస్‌బావర్ (గామా కిరణాలతో ఇనుమును చూసే పరీక్ష) దొరికితే మంచిదే, హై స్పిన్, లో స్పిన్ పాళ్లు విడివిడిగా తెలుస్తాయి. దొరకకపోతే దానికోసం ఆగొద్దు.

ఇక నా సిగ్గుచేటు కథ. లోపల మెథనాల్ ద్రావకం పట్టుకున్న స్ఫటికాలను మే నెలలో, మూత సరిగ్గా బిగించని సీసాలో బెంగళూరుకు బస్సులో పంపాను. మన ఎండ సంగతి నీకు చెప్పాలా? కొలిచి పంపిన గ్రాఫ్‌లో మొదటి సారి ఒక గీత, రెండో సారి ఇంకో గీత. దాన్ని వెడల్పాటి హిస్టెరిసిస్ అనుకుని నాలుగు నెలలు వ్యాసం రాశాను. ఒక పెద్దాయన చదివి, "ముందూ వెనకా తూకం వేశావా?" అని ఒక్క మాట అడిగాడు. వేయలేదు. దారిలో కొంత, మెషిన్‌లో మిగతాది మెథనాల్ ఎగిరిపోయింది. నేను చూసింది రెండు వేరు వేరు పదార్థాలను. ఆ రాత్రి మీ అత్తతో కూడా మాట్లాడలేదు.

స్ఫటికాలను అవి పెరిగిన ద్రావణంలోనే ఉంచి, సీసా మూతకు పారాఫిన్ టేప్ చుట్టి పంపు. నీ గ్రాఫ్‌లో మొదటి చుట్టూ రెండో చుట్టూ ఒకదానిమీద ఒకటి పడ్డాయా లేదా నాకు కనబడలేదు, ఒకటే గీసి పంపావు. రెండోది కూడా పంపు. కొలతకు ముందూ తర్వాతా తూకం కూడా.

మీ మామ