తెలివి మాట పక్కన పెట్టి కూర్చోండి

అబ్బాయ్,

మీ హేతువాద మిత్రులూ, పాలకొల్లు చర్చి యూత్ కుర్రాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలనుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. కాకపోతే నువ్వు రాసి పంపిన మొదటి అంశం, 'తెలివైనవాళ్ళు దేవుణ్ణి నమ్ముతారా' అన్నది, వెంటనే కొట్టెయ్యి. అది ఉంటే అటు నుంచి ఎవరూ రారు. వచ్చినా మనసు విప్పరు.

నువ్వు దేన్ని పట్టుకుని ఆ అంశం పెట్టావో తెలుస్తూనే ఉంది. జుకర్‌మన్, సిల్బర్‌మన్, హాల్ అనే ముగ్గురు 2013లో 63 అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. వాటిలో 53 చోట్ల మతవిశ్వాసం ఎక్కువున్నవాళ్ళకి తెలివి పరీక్షల్లో మార్కులు కాస్త తక్కువ వచ్చాయి. సహసంబంధం, అంటే రెండిటికీ ఉన్న ముడి ఎంత గట్టిదో చెప్పే అంకె, సుమారు మైనస్ 0.24. దాన్ని వర్గం చేస్తే 0.06 దగ్గర తేలుతుంది. అంటే విశ్వాసంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో నూటికి ఆరు పాళ్ళకే ఈ మార్కులతో సంబంధం, మిగతా 94 పాళ్ళూ వేరే సంగతులవి. పైగా ఆ అధ్యయనాలు ఎక్కువగా అమెరికా వాళ్ళ మీద చేసినవి. మన ఊరి చర్చిలో కూర్చున్న ఫలానా మనిషి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. 2012లో ఇంకోటి వచ్చింది, ఫ్రెంచి శిల్పి రోడాన్ మలచిన ఆలోచనాపరుడి శిల్పం ఫొటో చూపిస్తే విశ్వాసం తగ్గుతుందని. 2017లో మరికొందరు ఎక్కువమందితో అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. ఆధారం అడిగేవాడివి కాబట్టి ఈ రెండో సగం కూడా నువ్వే చెప్పాలి.

తెలివికీ నమ్మకానికీ అంత ముడి లేదనడానికి ఒక ఉదాహరణ. జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో ఫిషర్ ఆంగ్లికన్ క్రైస్తవుడు, హాల్డేన్ నాస్తికుడు. ఒకే శాస్త్రం, ఒకే రకం గణితం. ఆ హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో పోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే ఇచ్చారు.

ఇంతకన్నా బలమైన కారణం మన డెల్టాలోనే ఉంది. బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో ఇండియా వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. దళితపేటల పిల్లల్ని ఊరి బడి గడప తొక్కనివ్వని రోజులవి. మీకు చదువు అబ్బదు అని మొహం మీదే అనేవాళ్ళు. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలకి మొదటి అక్షరం మిషన్ బడిలోనే దొరికింది. ఇప్పుడు నీ నోటి నుంచి 'నమ్మేవాళ్ళకి తెలివి తక్కువ' అని వస్తే వాళ్ళ చెవికి వినపడేది ఆ పాత మాటే. నువ్వు ఏ ఉద్దేశంతో అన్నా సరే. నీది పెద్ద కులమైతే మరీను.

దీనికే చెందిన ఇంకో జాగ్రత్త. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకి ఎస్సీ హోదా ఉండదు. మతం బయటపడితే కొందరికి ఆ హోదాకే చిక్కు రావచ్చు. అందుకని ఎవరినీ కాగితాల్లో ఏ మతమని అడగొద్దు, పేరు పక్కన మతం రాయించొద్దు, వీడియో తియ్యొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టొద్దు. ఈ నాలుగూ పిలిచేటప్పుడే చెప్పు.

అటువైపు నుంచి కూడా ఇలాంటి రాయి ఒకటి వస్తుంది. బైబిల్లో 14వ కీర్తన మొదటి వచనం, దేవుడు లేడనేవాళ్ళని బుద్ధిహీనులనేది, ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. దానికి జవాబు నువ్వు చెప్పకు. ముందే వాళ్ళ పెద్దలతో మాట్లాడి వాళ్ళ చేతే చెప్పించు. ఆ కీర్తన అక్కడితో ఆగకుండా నడవడి గురించి మాట్లాడుతుంది. రోమా పత్రిక 3వ అధ్యాయంలో పౌలు ఆ కీర్తన మాటల్నే తీసుకుని మనుషులందరికీ వర్తింపజేశాడు. ఈ సంగతి విశ్వాసి నోట వస్తే మిగతావాళ్ళు వింటారు.

ఎవరిని అడగాలో చూసుకో. లూథరన్ సంఘమైతే అయ్యగారిని, అంటే పాస్టరుని, కాథలిక్ అయితే ఫాదర్ గారిని. బ్రదరన్ సహవాసానికి జీతం మీద ఉండే పాస్టరు ఉండడు, సంఘ పెద్దల దగ్గరికి వెళ్ళాలి. గుమ్మంలోనే వందనాలండీ అని చెప్పు, దానివల్ల నీ హేతువాదానికి వచ్చే లోటేమీ లేదు. క్రైస్తవులంతా పరిణామవాదాన్ని కాదంటారని అనుకోకు. పోప్ 12వ పయస్ 1950లోనే దాని మీద పరిశోధనకి అడ్డు లేదన్నాడు.

పన్నెండు మందికి మించొద్దు, చెరి సగం. చాపల మీద గుండ్రంగా కూర్చోండి. మైకు పెడితే అది ఉపన్యాసమో సువార్త సభో అయి తీరుతుంది. చోటు చర్చి కాకూడదు, మీ సంఘం గదీ కాకూడదు. శాఖా గ్రంథాలయం బాగుంటుంది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటాయి, ఆ రోజులు వదిలెయ్యి. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల దినాలు, డిసెంబరు, కోతల రోజులు కూడా వద్దు. సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టి గంటన్నరలో ముగించు.

ఒకరు మూడు నిమిషాలు తన నమ్మకం చెప్పాలి. అవతలి పక్షంలో ఒకరు దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. 'అవును, నేనన్నది ఇదే' అని మొదటి మనిషి ఒప్పుకున్నాకే ప్రశ్న. ఈ ఒక్క పద్ధతి తప్పకుండా పాటిస్తే సగం గొడవలు పుట్టవు. మొదటి రెండుసార్లు సరిగ్గా చెప్పలేకపోతారు, ఓపిక పట్టు. ప్రశ్న కూడా 'ఎందుకు నమ్ముతున్నావు' అని వద్దు, నిలదీసినట్టు ఉంటుంది. 'నీకెంత నమ్మకం, పదికి ఎంత వేసుకుంటావు? ఏం తెలిస్తే ఆ అంకె ఒకటి తగ్గుతుంది?' అని అడగండి. మీవాళ్ళూ జవాబు చెప్పాలి. దేవుడు లేడని పదికి పది వేసుకున్న నాస్తికుడు ఏం తెలిస్తే తొమ్మిది వేస్తాడో చెప్పలేకపోతే, అది అతనికి మంచి ఇంటి పని.

చెడేది ఎక్కువగా సాక్ష్యం దగ్గరే. ప్రార్థనతో జబ్బు నయమైందని ఒకావిడ చెబుతుంది. అబద్ధమని ఎవరూ అనకూడదు. జబ్బు పడ్డది నిజం, లేచింది నిజం, ఎందుకు లేచిందన్నదే వేరే ప్రశ్న. ఆ పూటకి దాన్ని వదిలేసి, మందులు ఆపకూడదన్న మాట మీద ఇద్దరూ కలవండి. మామూలు టీబీకి ఆరు నెలల మందు మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయి. మూర్ఛ వచ్చిన పిల్లని ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. చేలో పాము కరిస్తే విరుగుడు సూది. ప్రార్థన చేసేవాళ్ళు దారిలో చేసుకోవచ్చు, ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. జాతకాలు, చేతబడి ఇద్దరూ ఒప్పుకోరు కదా అని హిందువుల ఇళ్ళ మీద పడి నవ్వుకోవద్దు. అలా కుదిరిన స్నేహం నిలవదు.

నాస్తికుడికి నీతి ఎక్కడిదని అడిగితే వాదించకు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న జాషువా కూతురు హేమలత, నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కలిసి, నేరస్థులని ముద్ర పడ్డ కుటుంబాలున్న స్టూవర్టుపురంలో, దేవతకి అంకితం చేసిన జోగినుల మధ్య చేసిన పని గురించి చెప్పు.

లేచేముందు కలిసి చేసే పని ఒకటి ఒప్పుకోండి. నేత్రదానంతో మొదలుపెట్టమంటాను. పోయిన ఆరు గంటల్లోపు తియ్యాలి. అప్పటిదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. కళ్ళజోడున్నవాళ్ళూ, శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళూ ఇవ్వొచ్చు. ముఖం పాడవదు, కాబట్టి సమాధికి ముందు చివరి చూపుకి ఇబ్బంది లేదు. కార్డు మీద సంతకాలు ఎన్ని పెట్టినా ఆ వేళ ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి, ఎవరో ఫోన్ చెయ్యాలి. తప్పేది ఎక్కువగా అక్కడే. క్రైస్తవుల ఇంట్లో ఎవరైనా పోతే ముందు కబురు వెళ్ళేది అయ్యగారికి. అందుకని దగ్గరి ఐ బ్యాంకు నంబరు కనుక్కుని, ఆ రోజే ఆయన ఫోన్లో వేయించు.

మీ మావయ్య