కరెంటు తీసేసినా సెన్సార్ 'ఆన్‌లైన్' అనే చూపిస్తుంటే

సెన్సార్‌కి కరెంటు తీసేసినా డాష్‌బోర్డులో 'ఆన్‌లైన్' అనే ఉంటోందన్నారు కదా. ఆ 'ఆన్‌లైన్' మెసేజ్‌ని మీరు రిటెయిన్ చేసి (అంటే మెసేజ్‌లను అందుకుని పంచిపెట్టే సర్వర్, అదే బ్రోకర్, చివరి మెసేజ్‌ని దాచి ఉంచేలా) పంపుతున్నారు, తర్వాత దాన్ని మార్చేవాళ్లే లేరు. సెన్సార్ల లాంటి డివైస్‌లు మెసేజ్‌లు పంపుకునే పద్ధతి ఎంక్యూటీటీ (MQTT)లో లాస్ట్ విల్ (డివైస్ హఠాత్తుగా తెగిపోతే దాని తరఫున బ్రోకర్ పంపే మెసేజ్) ఉన్నది ఇందుకే. కనెక్ట్ అయ్యేటప్పుడే అదే టాపిక్‌కి (మెసేజ్ వెళ్లే చిరునామా లాంటిది) 'ఆఫ్‌లైన్' అని విల్ పెట్టండి, దానికీ రిటెయిన్ ఆన్ చేయండి. కీప్ అలైవ్ (డివైస్ ఎంతసేపట్లోగా పలకాలో చెప్పే గడువు) 60 సెకన్లయితే, డివైస్ నుంచి ఉలుకూ పలుకూ లేకుండా దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు గడిచాక బ్రోకరే ఆ మెసేజ్ పంపేస్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. డివైస్ తనంతట తాను పద్ధతిగా డిస్‌కనెక్ట్ అయితే విల్ వెళ్లదు. అందుకని మధ్యమధ్యలో డిస్‌కనెక్ట్ అయి నిద్రపోయే బ్యాటరీ సెన్సార్లకు చివరి రీడింగ్ వచ్చిన టైమ్‌ని బట్టి అలర్ట్ పెట్టుకోవడమే మేలు.

ఇక రెండు సెన్సార్లు మాటిమాటికీ తెగి కలుస్తున్నాయన్నారు కదా, ఆ రెండింటికీ క్లయింట్ ఐడీ (బ్రోకర్ ఒక్కో డివైస్‌ని గుర్తుపట్టే పేరు) ఒకటేనేమో చూడండి. ఒకటి రాగానే బ్రోకర్ రెండోదాన్ని గెంటేస్తుంది.