గోడలు చెక్కే కుర్రాడిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: సార్, మాది తెనాలి. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, మార్కులు అంతంత మాత్రం. పోర్చుగల్‌లో విల్స్ అనే ఆర్టిస్ట్ ఉన్నాడట, గోడలు పగలగొట్టి మనుషుల మొహాలు చేస్తాడట, ఎప్పుడు చూసినా ఫోన్లో ఆ వీడియోలే. పోయిన నెల పక్కింటి వాళ్ల ప్రహరీ మీద సుత్తి, ఉలి పెట్టి తన నాయనమ్మ మొహం చెక్కాడు. పెద్ద గొడవైంది. ఇంజనీరింగ్ చదవను, అతనిలా అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గోడ ఫోటో పంపుతున్నాను.

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోటో సంగతి చెబుతాను. ఎడమ చెంప మీద సున్నం అలాగే ఉంచేశాడు, కంటి కింద గుంట పడే చోట మాత్రం ప్లాస్టర్ లేపి ఎర్ర ఇటుక కనపడేలా చేశాడు. ముక్కు దగ్గర ఉలి లోతుగా దిగి పెద్ద పెచ్చు ఊడిపోయింది, అక్కడ చెడింది. చెవి జోలికి పోలేదు. అయినా ఆ మొహంలో వెలుగు ఎక్కడుండాలో నీడ ఎక్కడ పడాలో వాడికి తెలుసు, చూసి బొమ్మ వేసే పిల్లలందరికీ అది వచ్చేది కాదు. అడగకుండా ఇంకొకరి గోడ చెక్కడం తప్పే, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇక విల్స్. అసలు పేరు అలెగ్జాండ్రె ఫార్టో, 1987లో పుట్టాడు. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి ఎదురుగా టేగస్ నది అవతలి ఒడ్డున సెయిషాల్ అనే ఊళ్లో పెరిగాడు, ఫ్యాక్టరీలు, కార్మికుల ఇళ్లు ఉండే ప్రాంతం. 1974లో ఆ దేశంలో నియంతృత్వం పడిపోయాక జనం వీధి గోడల నిండా విప్లవం బొమ్మలు వేశారు. ఇతను పిల్లాడిగా చూసేసరికి ఆ బొమ్మలు వెలిసిపోయాయి, వాటి మీద వ్యాపార ప్రకటనల పోస్టర్లు, వాటి మీద గ్రాఫిటీ, అంటే కుర్రాళ్లు స్ప్రేతో కొట్టే రాతలు, బొమ్మలు, పొర మీద పొర పేరుకుపోయి ఉంది. 13 ఏళ్లకే స్ప్రే డబ్బా పట్టి గోడల మీద, రైళ్ల మీద పేరు రాసుకుంటూ తిరిగాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇతను మాత్రం గోడకి ఇంకో పొర రంగు ఎందుకు కలపాలి, ఉన్న పొరల్నే తీసేస్తే లోపల ఏముందో బయటికి వస్తుంది కదా అనుకున్నాడు. మొదట పోస్టర్ల అట్టల మీద తెల్ల రంగు కొట్టి, కత్తితో లోపలికి కోసుకుంటూ వెళ్లి బొమ్మలు చేశాడు, ఆ తర్వాతే గోడల మీదికి వెళ్లాడు.

మీ అబ్బాయి వీడియోలో చూస్తున్నది గోడ పేలిపోయి అందులోంచి ఒక మొహం బయటపడటం. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది. దాని ముందు జరిగే పని వీడియోలో ఉండదు, నాకు మీ ఇద్దరికీ చెప్పాలని ఉన్నది ఆ పని గురించే. ముందు ఒక మనిషి ఫోటో తీసుకుని దాన్ని తెలుపు, నలుపు, మధ్యలో ఒకటి రెండు ఛాయలకి కుదిస్తాడు. గోడ మీద ఆ బొమ్మ గీసుకుంటాడు. ఏ ఛాయకి ఎంత లోతు చెక్కాలి, పైన రంగు ఉంచాలా, ప్లాస్టర్ దగ్గర ఆగాలా, ఇటుక దాకా వెళ్లాలా అనేది ముందే తేల్చుకుంటాడు. ఆ తర్వాతే సుత్తి, ఉలి, డ్రిల్లింగ్ మెషిన్. పేలుడు పదార్థాలు వాడేటప్పుడు ఆ పని తెలిసిన నిపుణులు పక్కన ఉంటారు. చాలాసార్లు ఇతనితో పాటు ఒక టీమ్ మొత్తం గోడ మీద పని చేస్తుంది. అంటే సగం చిత్రకారుడు, సగం తాపీ మేస్త్రీ అన్నమాట.

చదువు సంగతి మీకు ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. లిస్బన్‌లో ఫైన్ ఆర్ట్స్‌లో చేరడానికి ఇతనికి మార్కులు సరిపోలేదు. చదువు వదిలెయ్యలేదు, చేసిన పనులన్నీ చూపించి లండన్‌లో ఆర్ట్ కాలేజీలో చేరాడు. 2008లో అక్కడ వాటర్లూ స్టేషన్ కింద సొరంగంలో బ్యాంక్సీ అనే పేరుమోసిన వీధి చిత్రకారుడు పెట్టిన క్యాన్స్ ఫెస్టివల్‌లో ఒక మొహం చెక్కితే, ఆ ఫోటో ది టైమ్స్ పత్రిక మొదటి పేజీలో వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లు. 13 నుంచి అప్పటిదాకా ఏడెనిమిదేళ్లు. మీ వాడికి ఈ లెక్క గట్టిగా చెప్పండి.

పేరొచ్చాక కూడా అతను చేసిన పనులు చూస్తే నాకు చాలా గౌరవం. 2012లో బ్రెజిల్‌లోని రియోలో ప్రొవిడెన్సియా అనే బస్తీలో ఇళ్లు ఖాళీ చేయిస్తుంటే, కూల్చబోయే ఆ ఇళ్ల గోడల మీదే అక్కడ బతికిన మనుషుల మొహాలు చెక్కాడు. 2015లో లిస్బన్ పాతబస్తీ అల్ఫామాలో ఫాడో అనే అక్కడి సంప్రదాయ పాటల గాయని అమాలియా రోడ్రిగ్స్ బొమ్మని చిన్న చిన్న రాళ్లతో చేశాడు, ఆ ఊరి కాలిబాటల మీద పరిచే నల్ల రాళ్లు, తెల్ల రాళ్లే. ఆ రాళ్లు పరిచే మున్సిపాలిటీ పనివాళ్లతో కలిసి చేశాడు, కింద నేల మీద మొదలైన రాళ్ల వరస అలలా లేచి గోడ మీదికెక్కి ఆవిడ మొహమవుతుంది. వాన పడితే ఆవిడ ఏడుస్తున్నట్టు ఉంటుందట. అదే సంవత్సరం పోర్చుగల్ ప్రభుత్వం అతనికి పెద్ద గౌరవ పురస్కారం ఇచ్చింది. ఒకప్పుడు రైళ్ల మీద దొంగచాటుగా రంగు కొట్టిన కుర్రాడమ్మా. ఆ దేశంలో కూడా 2013 నుంచి గ్రాఫిటీకి అనుమతి తప్పనిసరి అని చట్టం ఉంది, లేకపోతే జరిమానా. ఆ అనుమతులు తీసుకునే అతను ఇంత పని చేస్తున్నాడు.

మీ అబ్బాయి విషయానికొస్తే, ఇంటర్ మధ్యలో ఆపనివ్వకండి. బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్లు, దానికి ఇంటర్ పాసవ్వాలి, ఎంపీసీ అయినా అడ్డం కాదు. ఆంధ్రలో దీనికి ఏడీసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి, కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీకి వేరే ఎంట్రన్స్. బరోడా, శాంతినికేతన్ కూడా ప్రయత్నించవచ్చు, పోటీ గట్టిగా ఉంటుంది. పెయింటింగ్ ఒక్కటే కాదు, స్కల్ప్చర్ కోర్సు కూడా చూడమనండి. ఫోటోలో ఆ గోడ చూశాక వాడికి అదే సరిపోతుందని నాకనిపిస్తోంది. డబ్బు సంగతి దాచను, గోడ బొమ్మల మీదే బతికేవాళ్లు తక్కువ, మొదటి కొన్నేళ్లు హోటళ్ల, స్కూళ్ల గోడల మీద బొమ్మలు వేసి, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేసి, డిజైన్ పనులు చేసి నెట్టుకురావాలి. వాళ్ల నాన్నగారు అడిగేది కూడా ఇదే అయ్యుంటుంది, ఆయన భయంలో తప్పు లేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ఈ మాటలే చదివి వినిపించండి.

పరీక్షలయ్యాక సెలవుల్లో రెండు నెలలు తెలిసిన తాపీ మేస్త్రీ దగ్గర పనికి పంపండి. కూలి ఇచ్చినా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. కళ్లద్దాలు, దుమ్ముకి మంచి మాస్కు లేకుండా సుత్తి ముట్టనివ్వకండి, సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. ఇంట్లో మీ పెరటి గోడ ఒకటి వాడికి ఇచ్చేయండి. ప్రతి పనికీ ముందు, మధ్యలో, తర్వాత ఫోటోలు తీసి తేదీ రాసి పెట్టుకోమనండి, రేపు కాలేజీలో చూపించేది ఇదే.

పక్కింటి ప్రహరీ మాత్రం వాడి చేతే ప్లాస్టర్ చేయించండి. డబ్బిచ్చి మీరు మేస్త్రీని పెట్టించొద్దు. వాడే వెళ్లి సారీ చెప్పి, ఇసుక జల్లించి, సిమెంటు కలిపి, తాపీ పట్టి నునుపు చేసి, సున్నం వేసి రావాలి. నాయనమ్మ మొహం పోతుందని బాధపడతాడు. పూడ్చే ముందు ఇంకో ఫోటో తియ్యనివ్వండి, ఈసారి దగ్గర నుంచి, ఆ ముక్కు చెడిన చోట కూడా పడేలా.