కోకాపేట టవర్ కోసం లాల్‌దర్వాజా ఇల్లు తాకట్టా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 2 లక్షలు వస్తాయి. మణికొండలో అద్దె 30 వేలు, ఇంటి ఖర్చు, పాప స్కూలు కలిపి 45 వేలు. కోకాపేటలో కడుతున్న టవర్‌లో 31వ అంతస్తు ఫ్లాట్ 1.60 కోట్లు చెబుతున్నారు. బ్యాంకు 1.20 కోట్లు ఇస్తానంది. నా దగ్గరున్న 22 లక్షలూ పెట్టేసి, లాల్‌దర్వాజాలో నాన్నగారి ఇంటి మీద ఇంకో 18 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నా. రేట్లు పెరగకముందే కొనేయమంటారా?

జవాబు: వద్దండి. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య చాలా వస్తున్నాయి, అందరూ చేస్తున్న తప్పు ఒకటే, అందుకే మీ లెక్క ఇక్కడే వేసి చూపిస్తున్నా.

1.20 కోట్లకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 1.04 లక్షలు. నాన్నగారి ఇంటి మీద 18 లక్షలకు 10.5 శాతంతో పదేళ్లకు ఇంకో 24 వేల పైన. తాళాలు చేతికొచ్చేదాకా మణికొండ అద్దె 30 వేలు తప్పదు. బిల్డర్‌కు డబ్బంతా చేరాక మీకు మిగిలేది 42 వేల లోపు, ఇంటి ఖర్చేమో 45 వేలు. ఉద్యోగం బాగున్న నెలలోనే 3 వేలు లోటు! పైగా మీరు అసలు లెక్కలోకే తీసుకోనివి ఉన్నాయి, కడుతున్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ 5 శాతం, రిజిస్ట్రేషన్ 7.5 శాతం, రెండూ కలిపి 20 లక్షలు. తాళాలు తీసుకునేటప్పుడు కార్పస్ ఫండ్ (టవర్ నిర్వహణకు అందరి దగ్గరా వసూలు చేసే నిధి), మెయింటెనెన్స్ అడ్వాన్స్ అంటారు, అది వేరు. దానికి మళ్లీ పర్సనల్ లోన్ అని మాత్రం దయచేసి అనకండి.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ 22 లక్షలు మొత్తం పెట్టేస్తాననడం. మీ జీతం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తోంది, ఫ్లాటూ దాని పక్కనే. రేపు ఐటీ కంపెనీలు మనుషుల్ని తీసేయడం మొదలుపెడితే మీ ఉద్యోగం పోయే రోజుల్లోనే ఆ చుట్టుపక్కల అద్దెలు తగ్గుతాయి, కొనేవాళ్లూ ఆగిపోతారు, ఎందుకంటే అక్కడ కొనేదీ అద్దెకుండేదీ ఎక్కువగా మీలాంటి ఉద్యోగులే. అవసరమైతే అమ్మేస్తాను అనే మాట సరిగ్గా అప్పుడే పనికిరాదు. వాయిదా 90 రోజులు దాటి ఆగితే లోన్ ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది, ఆపైన కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తి మీదికి బ్యాంకును రానిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, అదీ దాటితే ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. అంటే ఐదు నెలలు. ఈలోపు మీకు ఉద్యోగం దొరక్కపోతే వీధిన పడేది మీరొక్కరే కాదు, ఈ వయసులో మీ అమ్మానాన్నలు కూడా. వాళ్లకున్న ఒక్క నీడను 31వ అంతస్తులో బాల్కనీ కోసం తాకట్టు పెట్టడం నాకు అసలు మింగుడుపడట్లేదు.

ఇంకోటి, టవర్ ఆలస్యమైతే ఏం చేస్తారు? 2023 ఆగస్టు వేలంలో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్న భూమి మీద బిల్డర్ పైకి పైకి కట్టక ఏం చేస్తాడు, ఎత్తు పెరిగేకొద్దీ టైమూ పెరుగుతుంది. వెనకటికి పాతబస్తీలో కింద రెండు గదులు వేసుకుని చేరిపోయి, డబ్బు కుదిరినప్పుడు పైన వేసుకునేవాళ్లు. టవర్‌లో అది కుదరదు, మీ అంతస్తు తయారైనా లిఫ్టులు, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, కాపురం ఉండొచ్చనే అనుమతి) వచ్చేదాకా తాళం రాదు. ఇటు మాత్రం ‘ఫలానా శ్లాబ్ పూర్తయింది, ఇన్ని రోజుల్లో ఇంత కట్టండి’ అని డిమాండ్ లెటర్ వస్తూనే ఉంటుంది. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద ఆలస్యానికి వడ్డీ అడగొచ్చు, కానీ ఆ డబ్బు చేతికొచ్చేదాకా అద్దె ఎవరు కడతారు?

ఇప్పుడు మీకు నెలకు 1.25 లక్షలు మిగులుతోంది, అదే మీ బలం. 22 లక్షల్లో 7 లక్షలు, అంటే తొమ్మిది నెలల ఖర్చు, ఈ వారమే వేరే ఖాతాలో ఎఫ్‌డీ చేసి దాని జోలికి వెళ్లకండి. లోన్ తీసుకున్న రోజున ఆ ఫండ్‌ను ఈఎంఐతో సహా మళ్లీ లెక్కేయాలి, నేటి ఖర్చుకు సరిపోయింది రేపటికి సరిపోదు. మీరనుకున్న 1.20 కోట్ల లోన్ అయితే అదే తొమ్మిది నెలలకు 16 లక్షలు కావాలి. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతది తీసుకోండి. టర్మ్ పాలసీ కూడా.

రెండేళ్లు ఆగి, ఓసీ వచ్చిన రీసేల్ ఫ్లాట్ 90 లక్షల లోపు చూడండి, జీఎస్టీ ఉండదు, అద్దె, ఈఎంఐ రెండూ ఒకేసారి మీద పడవు. రేట్లు అప్పటికి పెరగొచ్చు, పెరిగితే చిన్న ఫ్లాటే కొనండి. టోకెన్ అడ్వాన్స్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, సేల్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే మెయిల్ పెట్టి వెనక్కి అడగండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు.