ముస్తాంగ్ కొనాలా, ఎం2 కొనాలా?

ప్రశ్న: బెంగళూరులో 2018 మోడల్ ఫోర్డ్ ముస్తాంగ్ జీటీ 52 లక్షలకు బేరం కుదిరేలా ఉంది. అప్పు చేస్తే కొత్త బీఎండబ్ల్యూ ఎం2కే వెళ్లొచ్చు. నెలకోసారి చెన్నై, వీలైనప్పుడు హార్స్‌లీ హిల్స్ వెళ్తుంటాం. వెనక సీట్లో ఎనిమిదేళ్ల బాబు కూర్చుంటాడు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు బాబు సంగతి. 2017లో యూరో ఎన్‌క్యాప్ (కార్లను ఢీకొట్టించి భద్రత తేల్చే యూరప్ సంస్థ) పరీక్షల్లో ముస్తాంగ్‌కు మొదట 2 నక్షత్రాలే వచ్చాయి, మార్పులు చేశాక 3 వచ్చాయి. వెనక సీటు బెల్టులకు ప్రీటెన్షనర్లు (గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించేవి) లేకపోవడం అప్పట్లో ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. బాబును తరచూ ఎక్కించుకునేట్టయితే ముస్తాంగ్ వద్దు. ఇంట్లో ఇంకో కారు ఉండి, దీన్ని మీరొక్కరే తోలుకునేట్టయితే మాత్రం మా ఓటు ముస్తాంగ్‌కే.

వేగంలో ఎం2 పైచేయి, అందులో అనుమానం లేదు. ఇప్పటి ఎం2లో 3 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, 480 హెచ్‌పీ. ముస్తాంగ్‌ది 5 లీటర్ల వీ8, దాదాపు 400. కానీ ఆ తేడా తెలిసే రోడ్డు మనకెక్కడుంది? తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలన్నది నిబంధన. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లి తోలే ఉద్దేశం ఉంటేనే ఎం2కు పెట్టే అదనపు డబ్బుకు న్యాయం జరుగుతుంది. షోరూం ధరే దాదాపు కోటి, దానిపై లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ వేరే.

టైర్లు చూడండి. ఎం2 వెనక టైరు 285/30 ఆర్20. 285 మిల్లీమీటర్ల వెడల్పులో 30 శాతం, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య రబ్బరు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. భాకరాపేట దారిలో గుంతలో పడితే టైరు పక్కన బుడగ లేస్తుంది, లేదా రిమ్ము వంగుతుంది. ముస్తాంగ్ వెనక టైరు 275/40 ఆర్19, రబ్బరు 11 సెంటీమీటర్లు. మన రోడ్లకు అది చాలా మేలు.

ముస్తాంగ్‌తో అసలు చిక్కు విడిభాగాలు. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఇంజిన్ సామాను అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు. స్టీరింగ్ ర్యాక్, డ్యాష్‌బోర్డు లాంటివి అక్కడివి పనికిరావు, ఎందుకంటే మనది కుడివైపు స్టీరింగ్. బ్రిటన్, ఆస్ట్రేలియా బండ్లవి వెతకాలి, వారాలు పట్టొచ్చు. అందుకే కనీసం 5 లక్షలు పక్కన పెట్టుకుని దిగండి.

కొనేముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి, చల్లటి ఇంజిన్ చేసే చప్పుళ్లు వేడెక్కాక వినపడవు. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగున గీతలు, వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) దగ్గర ఆయిల్ చెమ్మ చూడండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. ఎంత అరగకపోయినా అంత పాత టైర్లు మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) పోయొచ్చో లేదో పెట్రోల్ మూత లోపల, మాన్యువల్‌లో చదవండి.

ఎం2నే తీసుకుంటే, మొదటి 2,000 కిలోమీటర్లు 5,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు), 170 కిలోమీటర్ల వేగం దాటించకండి. ఆ తర్వాత చేయించే రన్నింగ్-ఇన్ సర్వీసులో ఇంజిన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ రెండూ మారుస్తారు. అది ఎగ్గొడితే రేపు వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

ప్రశ్న: కర్ణాటక రిజిస్ట్రేషన్ కారు కొని ఇక్కడే తోలుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఆంధ్ర నంబరు తీసుకోవాల్సిందే. అమ్మేవారి చేత అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెప్పించండి, పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించండి. బండి మీద లోను ఉండి ఉంటే లోను తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు లేఖ చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గుతుంది. అక్కడ కట్టిన పన్నులో మిగిలింది వాపసు అడగొచ్చు.